పచ్చలైటు వెలిగిన మధ్యాహ్నం

అతని అసలు పేరు జీతం ఇచ్చే గదిలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. ఆఫీసులో అందరికీ గుద్దన్న. వయసులో పెద్దవాళ్ళు కూడా అన్నా అనే పిలిచేవారు. కుడిచేతి మెటికలు నాలుగూ అణిగిపోయి చదునుగా ఉండేవి. ఆ చేత్తో కీబోర్డు మీద టకటకా కొడుతుంటే కొత్తగా చేరినవాళ్ళు నోరెళ్ళబెట్టి చూసేవారు. "అన్నా, మెల్లగా. అది మనది కాదు, కంపెనీది" అని పక్క సీటువాళ్ళు ఆటపట్టిస్తే అతనూ నవ్వేవాడు.

అతని తండ్రి లారీ మెకానిక్కు. ఇంట్లో ఏం నచ్చకపోయినా గోడకు వేలాడే పాత ఫ్యాన్‌బెల్టు చేతిలోకి తీసేవాడు. కూరలో ఉప్పు తగ్గితే తల్లికి, మార్కులు తగ్గితే అక్కకి, ఏదీ తగ్గకపోతే ఇతనికి. ఒకసారి తల్లి నోట్లోంచి రక్తం ధార కట్టడం చూసి, అప్పటికి మీసం సరిగ్గా రాని ఇతను తండ్రి మూతి మీద ఒక్కటిచ్చాడు. తండ్రి గుమ్మంలో వెల్లకిలా పడ్డాడు. ఆ తర్వాత ఆయన బెల్టు ముట్టుకోలేదు, బతికున్నంతకాలం కొడుకుతో మాట్లాడనూ లేదు. గుద్దితే పని జరుగుతుందన్న సంగతి మాత్రం కొడుక్కి బాగా వంటబట్టింది.

దాంతో బారు తలుపు దగ్గర నిలబడే ఉద్యోగంలో చేరాడు. తాగి గొడవ చేసేవాళ్ళ మెడపట్టి బయటికి నెట్టడం పని. నెడితే పోనివాళ్ళను కొట్టడం కూడా పనే. అక్కడే ఆ పేరు వచ్చింది. చివరికి ఒక తాగుబోతు పగిలిన సీసాతో అతని తొడ చీరేశాడు. రక్తం బూటులోకి కారి, అడుగు వేస్తుంటే బురదలో నడిచినట్టు చప్పుడైంది. ఆస్పత్రి మంచం పక్కన అక్క నిలబడి ఏడవలేదు, తిట్టింది.

"నీ బుర్ర ఉన్నది సీసాలు పగలగొట్టుకోవడానికా? కుట్లు విప్పగానే నా దగ్గరికి రా."

అక్క కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడిపేది. తమ్ముణ్ణి వెనక బెంచీలో కూర్చోబెట్టి, మిగతావాళ్ళకంటే రెట్టింపు తిట్టి, పైథాన్ భాషలో ప్రోగ్రాములు రాయడం నేర్పింది. అతనికి అది విచిత్రంగా నచ్చింది. తప్పు రాస్తే తెరమీద ఎర్ర అక్షరాలు వచ్చేవి, అంతే. ఎవరూ కొట్టేవారు కాదు. యూనిఫారాలు కుట్టే అమ్మాయిని పెళ్ళి చేసుకునేనాటికి అతను మనిషి మీద చెయ్యెత్తి చాలా కాలమైంది. పెళ్ళిచూపుల్లో ఆమె అడిగింది ఒక్కటే. "ఆ చెయ్యి ఎప్పుడైనా నామీద లేస్తుందా?" "లేవదు" అన్నాడు. లేవలేదు.

అతను చేరిన కంపెనీ అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బాలు అమ్మేది. డబ్బా మీద ఎర్ర బటను, పక్కన చిన్న లైటు. షాపుల్లో, పెట్రోలు బంకుల్లో, క్లినిక్కుల్లో కౌంటరు కింద బిగించేవారు. ఆపదొచ్చి బటను నొక్కితే డబ్బా తనలోని సిమ్ ద్వారా కంపెనీ సర్వరుకి ఒక పోస్ట్ రిక్వెస్టు పంపుతుంది. ఇది ఫలానా డబ్బా, ఇది దాని ఫలానా నొక్కు, సాయం కావాలి అని. దాన్ని అందుకోవడం గుద్దన్న రాసిన ప్రోగ్రాం పని. నిజంగా మన డబ్బా నుంచే వచ్చిందా అని సరిచూసుకుని, లోపలున్న వర్క్‌ఫ్లోకి అప్పగిస్తుంది. ఇక అక్కడ ఒకదాని వెనక ఒకటిగా పనులు జరుగుతాయి. బైకు మీద సాయానికి పరుగెత్తే కంపెనీ రైడర్లలో దగ్గర్లో ఎవడున్నాడో వెతకడం, అతని ఫోన్ మోగించడం, ఎత్తకపోతే ఇంకొకరిది మోగించడం, ఎవరూ పలక్కపోతే పోలీసులకు చెప్పడం.

మొదట్లో ఈ పనులన్నీ అయ్యేదాకా డబ్బాకు జవాబు వెళ్ళేది కాదు. డబ్బా మాత్రం ఎంతసేపని కాచుకుంటుంది? జవాబు రాలేదు కదా అని అదే రిక్వెస్టు మళ్ళీ పంపేది. సర్వరు దాన్ని కొత్త ఆపద అనుకుని ఇంకో జట్టును పరుగెత్తించేది. ఒకే బంకు కోసం రెండు వైపుల నుంచి దూసుకొచ్చిన రెండు బైకులు మలుపులో గుద్దుకున్నాయి. ఒక రైడరు భుజం ఎముక చర్మాన్ని పొడుచుకుని బయటికొచ్చింది. రైడర్లలో అందరికంటే వేగంగా నడిపే బక్కపలచని మనిషి ఒకడుండేవాడు, అతన్ని గాలి అనేవారు. హెల్మెట్ కూడా తియ్యకుండా ఆఫీసులోకి వచ్చి గుద్దన్న కాలరు పట్టుకున్నాడు.

"నువ్వు ఫ్యాను కింద కూర్చుని ఏదో రాస్తావు. ఎముకలు విరిగేది మావి! ఒక్క నొక్కుకి ఒక్కసారే పిలువు. తెలిసిందా?"

కాలరు పట్టిన చేతిని గుద్దన్న మెల్లగా విడిపించాడు. "తెలిసింది. మారుస్తా."

మార్చాడు. రిక్వెస్టు రాగానే ముందు 'అందింది' అని జవాబు వెళ్ళిపోవాలి, పనులు ఆ తర్వాత వాటంతటవి నడవాలి. జవాబు అందగానే డబ్బా మీద పచ్చలైటు వెలుగుతుంది. ప్రతి నొక్కుకీ ఒక నంబరుంటుంది. అదే డబ్బా నుంచి అంతకుముందు చూసిన నంబరే మళ్ళీ వస్తే, 'అందింది' అనే చెప్పి ఆ రిక్వెస్టును పక్కన పారేయాలి. రైడర్లు సంతోషించారు. ఓనరు మేడమ్ మీటింగులో అందరి ముందూ మెచ్చుకుంది. "చూశారా, పచ్చలైటు ఎంత చప్పున వెలుగుతోందో! కస్టమర్లకు ఇదే కావాలి."

ఎవరికీ తెలియనిది ఒకటుంది. పాత రకం డబ్బాలు, కరెంటు పోయి బ్యాటరీ మీదకు మారేటప్పుడు ఒక్క క్షణం చచ్చి బతికేవి. బతికినప్పుడల్లా నొక్కుల నంబరు మళ్ళీ ఒకటి నుంచే మొదలయ్యేది. తయారుచేసినవాళ్ళు చెప్పలేదు. గుద్దన్న అడగలేదు.

ఆ మధ్యాహ్నం అందరూ టిఫిన్ డబ్బాలు విప్పుకుంటుండగా గాలి ఫోన్ చేశాడు.

"అన్నా, మందుల షాపు ఆవిడ్ని చావగొట్టారట. అంబులెన్సు ఇప్పుడే తీసుకుపోయింది. ఆవిడ దగ్గర మన డబ్బా ఉందిగా! నా ఫోన్ ఎందుకు మోగలేదు?"

గుద్దన్న చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఎడంచేత్తో తెర తెరిచి చూశాడు. రిక్వెస్టులు వచ్చాయి. ఒకటి, రెండు, మూడు, అలా వస్తూనే ఉన్నాయి. డబ్బా బిగించిన కొత్తలో పరీక్ష కోసం నొక్కిన నొక్కులవీ అవే నంబర్లు. ప్రోగ్రాం ప్రతిదానికీ 'అందింది' అని చెప్పి, ప్రతిదాన్నీ పారేసింది.

షాపు రెండు వీధుల అవతలే. పరుగెత్తాడు. మెట్ల మీద ఒక చెప్పు. లోపల గాజు అరలు పొడిపొడి. నేలంతా తెల్ల మాత్రలు, వాటిమీద ఎర్రగా అడుగులు. కౌంటరు అంచుకు జుట్టు అతుక్కుని ఉంది. చెక్క మీద గోళ్ళతో గీరినట్టు గీతలు బటను దాకా వెళ్ళాయి. కౌంటరు కింద పచ్చలైటు నిశ్చింతగా వెలుగుతూనే ఉంది. గుద్దన్న డబ్బాను మేకులతో సహా పీకేశాడు.

గుమ్మం దగ్గర గుమిగూడినవాళ్ళలో పక్కనున్న జిరాక్సు షాపాయన పోలీసులకు చెబుతున్నాడు. "అరుపులు విన్నామండీ. కానీ ఆవిడ దగ్గర ఆ బటనుందిగా, వాళ్ళ మనుషులొస్తారులే అనుకున్నాం."

మర్నాడు ఉదయం ఆఫీసు తలుపు భళ్ళున తెరుచుకుంది. ఆవిడ భర్త బస్సు డ్రైవరు, బండ మనిషి. చేతిలో చక్రాల నట్లు విప్పే పొడవాటి స్పానరు. వెనకే ఆవిడ తమ్ముడు, వెల్డింగు పనివాడు. అతని చేతిలో ఇనపరాడ్డు.

"పచ్చలైటు పెట్టినోడెవడు?" అన్నాడు భర్త. గొంతు పెద్దదేం కాదు.

మేడమ్ తన గది తలుపు కొద్దిగా తెరిచింది. "అది మా టెక్నికల్ టీమ్ చూసుకుంటుంది. మీరు కూర్చోండి, మాట్లాడుకుందాం" అని మళ్ళీ మూసేసుకుంది.

గుద్దన్న లేచి నిలబడ్డాడు. "నేనే పెట్టా."

స్పానరు అతని ఎడమ భుజం మీద పడింది. లోపల ఎక్కడో పటుక్కుమంది. కళ్ళు బైర్లు కమ్మాయి. అతను చెయ్యి ఎత్తలేదు. రెండో దెబ్బ వీపు మీద, మూడోది మోకాలి మీద. కింద కూలబడ్డాడు. కొట్టనీ, ఇది నాకు రావలసిందే అనుకున్నాడు. ఈలోగా తమ్ముడు తెరలు పగలగొట్టడం మొదలుపెట్టాడు. గాజు వానలా కురిసింది. ఫోన్ల దగ్గర కూర్చునే అమ్మాయి బల్ల కిందకు దూరబోతే, దారికి అడ్డమని ఆమె జుట్టు పట్టి లాగి అవతల పడేశాడు. ఆమె తల బల్ల కాలికి ఠంగున తగిలింది.

ఆ చప్పుడుతో గుద్దన్న ఒళ్ళు తన మాట వినడం మానేసింది. ఎలా లేచాడో తెలియదు. తమ్ముడి చేతిలోని రాడ్డును మణికట్టుతో సహా మెలితిప్పాడు. అతను కెవ్వుమన్నాడు. వెనకనుంచి భర్త మళ్ళీ స్పానరెత్తాడు. గుద్దన్న గిర్రున తిరిగి కుడిచేత్తో దవడ మీద గుద్దాడు. ఎండు పుల్ల విరిగిన చప్పుడు. భర్త నిలువునా కూలిపోయాడు. నోట్లోంచి రక్తంతోపాటు రెండు పళ్ళు జారి గచ్చు మీద పడ్డాయి.

గుద్దన్న అతని మీదకు వంగి రెండో దెబ్బకు పిడికిలి ఎత్తాడు. ఎత్తిన ఆ క్షణం అతనికి హాయిగా ఉంది. రాత్రంతా గుండెను నలిపిన బరువు ఒక్కసారి దిగిపోయినట్టుంది. ఆ హాయిని అతను గుర్తుపట్టాడు. కొట్టడం అయ్యి బెల్టు మళ్ళీ గోడకు తగిలించాక తండ్రి మొహం సరిగ్గా ఇలాగే ప్రశాంతంగా ఉండేది. తను కొట్టింది ఎవర్ని? తన ప్రోగ్రాం చావుకు వదిలేసిన మనిషి భర్తని. పిడికిలి విప్పి, తన చొక్కా చించి, ఆ మనిషి మూతికి అదిమిపెట్టాడు.

"కదలకండి. దవడ విరిగింది. మాట్లాడకండి." భర్త కళ్ళలో నీళ్ళు, నిప్పులు కలిసి ఉన్నాయి.

పోలీసులు వచ్చేలోగా మేడమ్ గుద్దన్నను తన గదిలోకి పిలిచింది.

"మంచి పని చేశావు. వాళ్ళే మనమీద పడ్డారు, కేసు మనవైపే. ఇక ఆ రిక్వెస్టుల సంగతి. అసలు ఏమీ రాలేదని చెబుదాం. ఆవిడ కంగారులో బటను నొక్కలేదు. అంతే."

"వచ్చాయి మేడమ్."

"వచ్చాయని ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు. వచ్చాయి, మనమే పారేశాం. అదే చెబుతా."

"నీ ఉద్యోగం గురించి ఆలోచించుకో."

"ఆలోచించా" అని బయటికి వచ్చి, ఇన్‌స్పెక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పాడు. డ్రైవరును కొట్టింది తనేనని కూడా చెప్పాడు. ఇన్‌స్పెక్టరు పేజీ తిప్పుతూ "నిన్నెవరూ అడగందే ఇంత చెబుతున్నావేంటయ్యా?" అని విసుక్కున్నాడు.

అదే రోజు, భుజానికి కట్టు కట్టించుకుని, ఆస్పత్రిలో ఆవిడ మంచం దగ్గరికి వెళ్ళాడు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. పెదవి మీద కుట్లు. కుడి చెయ్యి భుజం దాకా పిండికట్టులో ఉంది. అతను స్టూలు మీద కూర్చోబోయి, కూర్చోకుండానే తనెవరో చెప్పాడు. ఆవిడ ఆ ఒంటికంటితోనే ఎగాదిగా చూసింది.

"మా ఆయన దవడ ఇరగ్గొట్టింది నువ్వేనా?"

"నేనేనమ్మా."

"ఆయన నిన్ను కొట్టాడా?"

"ముందు ఆయనే కొట్టాడు. కానీ నేను ఆగాల్సింది."

ఆవిడ మాట మాటకీ ఊపిరి తీసుకుంటూ చెప్పింది. వచ్చినవాళ్ళిద్దరు. ఒకణ్ణి ఆవిడ ఎరుగును. ఎండలో కూడా తోలు జాకెట్టు వేసుకు తిరిగేవాడు. చీటీ లేకుండా నిద్రమాత్రలు ఇమ్మని ఎన్నోసార్లు వచ్చి తిట్టిపోయాడు. ఆ మధ్యాహ్నం ముందు మీటరు దగ్గర ఫ్యూజు పీకారు. ఫ్యాను ఆగింది. లైట్లారిన మసకలో లోపలికొచ్చి తోలు జాకెట్టు వాడు కౌంటరు ఎక్కాడు.

"నేను బటను నొక్కా. పచ్చలైటు వెలిగింది. నాకు వెనక తలుపుంది బాబూ. గడియ కూడా తీసే ఉంది. లైటు వెలక్కపోతే అటు పారిపోయేదాన్ని. వెలిగింది కాబట్టి నిలబడ్డా. మీవాళ్ళు వస్తున్నారు, కాసేపు ఆపితే చాలనుకున్నా. షట్టరు దించే కొక్కెం తీసుకుని వాడి మోకాలి మీద కొట్టా కూడా. వాడది లాక్కుని నన్ను కొట్టాడు. మోచెయ్యి మీద ఒకటి, మళ్ళీ అక్కడే ఇంకోటి. పడిపోయాక జుట్టు పట్టుకుని కౌంటరుకేసి కొట్టారు. నేను నొక్కుతూనే ఉన్నా. అది వెలుగుతూనే ఉంది."

"నన్ను..." అన్నాడు గుద్దన్న.

"క్షమించమనకు. నాకిప్పుడు ఓపిక లేదు." ఆవిడ పెదవి కుట్లు తడిమి చూసుకుంది. "అలాంటి పాత డబ్బాలు ఇంకా ఎక్కడెక్కడున్నాయి?"

"చాలా చోట్ల."

"ఇవాళా అలాగే ఉన్నాయా?"

"ఉన్నాయి."

"మరి ఇక్కడేం చేస్తున్నావు నువ్వు? లే. పో."

అతను లేచి నేరుగా ఆఫీసుకు వెళ్ళాడు. మేడమ్ అతన్ని చూసి పళ్ళు నూరింది. "నిన్ను ఇప్పుడే తీసేస్తే దీన్ని బాగుచేసేదెవరు? బాగుచెయ్. ఆ తర్వాత నీ సంగతి చూస్తా." పగిలిన గాజు ఇంకా ఊడ్వని గదిలో, ఒక్క చేత్తో, మిగిలిన ఒక్క తెర ముందు కూర్చున్నాడు. ముందు ఆ పారేసే నియమాన్నే తీసేశాడు. రెండు జట్లు వెళ్ళినా వెళ్ళనీ, ఎవరూ వెళ్ళకపోవడం కంటే నయం. తర్వాత నింపాదిగా అసలు పని మొదలుపెట్టాడు. డబ్బా చచ్చి బతికిన ప్రతిసారీ తనకో కొత్త గుర్తు పెట్టుకుని, నొక్కు నంబరుతోపాటు దాన్నీ పంపాలి. గుర్తు పంపలేని పాతవాటి విషయంలో అనుమానం వస్తే మనిషిని పంపాల్సిందే. 'అందింది' అన్న జవాబు డబ్బా మళ్ళీ మళ్ళీ పంపకుండా ఆపడానికే తప్ప లైటు వెలిగించడానికి కాదు. రైడరు తన ఫోన్లో 'బయల్దేరా' అని నొక్కితేనే పచ్చలైటు. అప్పటిదాకా ఎరుపే.

మేడమ్ ఒప్పుకోలేదు. "ఎర్రలైటు చూస్తే కస్టమర్లు జడుసుకుంటారు."

"జడుసుకుని పారిపోతారు మేడమ్. అదే కదా కావలసింది."

ఆమె బల్ల మీది గ్లాసు విసిరింది. అది అతని చెవి పక్కనుంచి పోయి గోడకు తగిలి పగిలింది. అతను వెళ్ళి మార్పు పెట్టేశాడు.

మళ్ళీ రైడర్ల దగ్గర గొడవ మొదలైంది. పాత డబ్బాల వల్ల ఒక్కో ఆపదకి రెండు జట్లు కదులుతున్నాయి. గాలి వచ్చి, ఈసారి కాలరు పట్టుకోలేదు గానీ, "అన్నా, నువ్వొకసారి నా వెనక ఎక్కు. రోడ్డు మీద ఎలా ఉంటుందో చూద్దువుగాని" అన్నాడు. గుద్దన్న సరేనన్నాడు.

వాళ్ళు వీధి చివర బైకు ఆపుకుని టీ తాగుతుండగానే ఫోన్ మోగింది. మార్కెట్టు అవతల ఇంకో మందుల షాపు. గాలి 'బయల్దేరా' నొక్కి గ్లాసు అక్కడే పడేసి బండి ఎత్తాడు. వెళ్ళేసరికి షాపాయన వెనక తలుపులోంచి బయటపడి వీధిలో నిలబడి వణుకుతున్నాడు. "ఎర్రగా ఉంటే పారిపోయొచ్చా, లోపలే ఉన్నారు" అన్నాడు.

ముందు బయటికొచ్చినవాడు కత్తి ఝళిపించాడు. గాలి ముంజేతి మీద తెల్లటి గీత పడి, వెంటనే ఎర్రగా విచ్చుకుంది. వాడు సందులోకి పరుగుతీశాడు. ఆ సందులోంచే రెండో జట్టు బైకు ఎదురొచ్చింది. హెల్మెట్టుతో ఒక్కటి తగలగానే వాడు బోర్లా పడ్డాడు.

వెనక వచ్చినవాడు తోలు జాకెట్టు వాడే. ముప్పై దాటినవాడు, బుగ్గలు పీక్కుపోయి ఉన్నాయి. జేబుల్నిండా మాత్రల పొట్లాలు, చేతిలో రాడ్డు. గుద్దన్న మీదకు రాడ్డు ఊపాడు. గుద్దన్న వంగి తప్పించుకుని, ముందు కడుపులో, తర్వాత ముక్కు మీద గుద్దాడు. ముక్కు పగిలి, రక్తం గడ్డం మీదుగా జాకెట్టు జిప్పులోకి కారింది. వాడు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. మూడో గుద్దుకు ఎత్తిన చేతిని గుద్దన్న మధ్యలోనే ఆపుకున్నాడు. ఆగడానికి పళ్ళు గట్టిగా కొరుక్కోవలసి వచ్చింది.

అప్పటికే జనం పోగయ్యారు. మందుల షాపు ఆవిడ సంగతి వీధివీధికీ తెలుసు. "వీడే! వీడే!" అని ఎవరో అరిచారు. షట్టర్ల కొక్కేలు, తూకం రాళ్ళు, విరిగిన కుర్చీ కాళ్ళు బయటికొచ్చాయి. మొదటి దెబ్బ తోలు జాకెట్టు వాడి చెవి మీద పడింది. తర్వాత ఎవరు ఎక్కడ కొడుతున్నారో తెలియలేదు. ఒకడి మోకాలు వాడి ముఖం మీద. ఒక పెద్దాయన, కళ్ళజోడు సర్దుకుంటూ, వాడి చీలమండ మీద రాయి వేశాడు. అది పచ్చి కాయ చితికినట్టు నలిగింది. "అమ్మా" అన్నాడు వాడు, చిన్నగా.

"చాలు! ఆపండి!" అని గుద్దన్న అరిచాడు. ఎవరికీ వినపడలేదు. ఇద్దర్ని లాగి పడేస్తే నలుగురు వచ్చారు. కొట్టి ఆపొచ్చు, అది తనకు చేతనయిన పనే. కానీ ఎంతమందిని? ఆలోచన పూర్తి కాకముందే వెళ్ళి వాడి మీద బోర్లా పడుకున్నాడు. తల రెండు చేతుల మధ్య దాచుకున్నాడు.

దెబ్బలు ఆగలేదు. కొందరు ఎవర్ని కొడుతున్నారో చూసుకోలేదు. కొందరు చూసే కొట్టారు. పక్కటెముకలు ఒకటొకటిగా లోపలికి పోవడం అతనికి తెలిసింది. మానుతున్న భుజం మీద మళ్ళీ పడింది. కిందనున్నవాడి రక్తం వెచ్చగా మెడకు అంటుకుంది. వాడి ఒంటి నుంచి దుర్వాసన వస్తోంది, వాడు ఏడుస్తున్నాడు. వీణ్ణి ఎందుకు కాస్తున్నాను అని గుద్దన్నకు కోపం వచ్చింది. అయినా లేవలేదు. గాలి తన రక్తం కారే చేత్తోనే బైకు హారను నొక్కి పట్టి, జనంలోకి బండి తోసుకొచ్చాడు. "మా అన్నరా అది! మా అన్నరా!" అని గొంతు చించుకున్నాడు. అప్పటికి పోలీసు జీపు వచ్చింది.

తోలు జాకెట్టు వాడు బతికాడు. కాలు ఈడుస్తూ కోర్టు మెట్లెక్కాడు. ఇద్దరికీ శిక్ష పడింది. గుద్దన్న సాక్ష్యం చెప్పి వస్తుంటే, వాడు కృతజ్ఞత చెప్పడం అటుంచి, ముక్కు చూపించి బూతు తిట్టాడు.

మందుల షాపు ఆవిడ మోచెయ్యి పూర్తిగా చాచడానికి రాదు. పై అరలోని మందులు ఇప్పుడు ఎడంచేత్తో తీస్తుంది. గుద్దన్న కాచింది ఎవర్నో ఆవిడకు ఎవరో చెప్పారు. అది తెలిసి అతను ఒకసారి షాపు ముందు ఆగాడు. ఆవిడ లెక్క చూస్తూనే అంది. "నేనైతే కాచేదాన్ని కాదు. వాడు చచ్చినా నాకు బాధ లేదు." ఆ పేజీ తిప్పి, "కానీ అందరూ కలిసి అలా కొట్టారంటే నాకు ఆ రోజు నిద్ర పట్టలేదు" అంది. భర్త మీద కేసు, భర్త పెట్టిన కేసు రెండూ ఆవిడే పట్టుబట్టి వెనక్కి తీయించింది. అతని దవడ వంకరగానే అతుక్కుంది. గుద్దన్న నిలబడ్డ స్టాపులో బస్సు ఆపుతాడు, ఎక్కించుకుంటాడు, అద్దంలో కూడా అతని మొహం చూడడు.

మేడమ్ చివరికి కంపెనీని ఇంకొకరికి అమ్మేసింది. కొత్తవాళ్ళు గుద్దన్నను ఉంచుకున్నారు. పక్కటెముకలు సరిగ్గా అతుక్కోక అతను ఎక్కువసేపు కూర్చోలేడు. డబ్బాలు సర్దే విభాగం నుంచి ఒక ఎత్తు బల్ల తెచ్చుకుని, నిలబడే టైపు చేస్తాడు.

ఈమధ్య ఒక ఆదివారం మధ్యాహ్నం భార్య ఎవరి యూనిఫారానికో గుండీలు కుడుతూ అడిగింది. "ఆ రోజు వాడి మీద పడుకున్నప్పుడు భయమేయలేదూ?"

"వేసింది."

"దెబ్బలకా?"

"కాదు. లేచి అందర్నీ కొట్టేస్తానేమోనని."

ఆమె దారం పంటితో తెంపి, సూది దిండుకు గుచ్చింది. లేచి వచ్చి, పక్కటెముకల కోసం అతను ఇప్పటికీ చుట్టుకునే కట్టు వీపు మీద వదులైందేమో చూసి, గట్టిగా బిగించింది. అతను అబ్బా అన్నాడు.

"ఊపిరి పీల్చు" అంది ఆమె.

పీల్చాడు.